దుప్పటికి అవతలి ముఖం

మడతమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. చేతికి ఏది దొరికినా మడత పెట్టకుండా ఉండలేని మనిషి. బస్సు టికెట్టు, మందుల చీటీ, పెళ్ళిపిలుపు కార్డు, ఆఖరికి హోటల్లో చేతులు తుడుచుకోమని ఇచ్చిన కాగితం కూడా అంచుకు అంచు కలిపి, గోటితో గీటి, నలుచదరం చేసి పక్కన పెట్టేస్తుంది. తెలిసినవాళ్ళెవరూ ఆవిడ చేతికి ముఖ్యమైన కాగితం ఇవ్వరు. ఈ పిచ్చేమిటని ఎవరైనా అంటే, దుప్పట్లలో పెరిగినదాన్ని, ఇంకేం చేయమంటారని ఎదురడుగుతుంది. అందులో గొప్పలు పోవడం ఏమీ లేదు, నిజంగానే దుప్పట్లలో పెరిగింది.

నది ఒడ్డున ఉన్న లాండ్రీ ఆ ఊరికంతటికీ పెద్దది. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, బడి హాస్టలు దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. పొడుగాటి షెడ్డు. ఒక కొసన బాయిలర్లు బుసలు కొడుతుంటాయి, ఇంకో కొసన మడతల గది. ఆ గదికి ఒక గోడంతా కిటికీయే. నెలల పిల్లను ఆ కిటికీ కింద, ఆరిన దుప్పట్ల బుట్టలో పడుకోబెట్టి, ఓ కన్ను పిల్ల మీదా ఓ కన్ను పని మీదా వేసి పెంచింది పెద్దమ్మ. కన్నతల్లి ఆ పిల్ల బోర్లా పడకముందే జ్వరంతో పోయింది. తండ్రి సంగతి చెప్పుకోడానికేమీ లేదు. పని వెతుక్కుంటూ వెళ్ళినవాడు అజాపజా లేకుండా పోయాడు.

తల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఫోటో తీయించుకోవాలన్న ఊహ కూడా రాని బతుకులు అవి. ఫోటో లేదు గానీ బొమ్మ ఉంది. అదీ మామూలు బొమ్మ కాదు, ఊరి మ్యూజియంలో మేడమీది గదిలో, ఒక గోడ మొత్తం దానికే వదిలేసిన బొమ్మ.

దాని పేరు "మడత". రెండు మంచాలకు సరిపడే దుప్పటంత ఉంటుంది. లాండ్రీ మడతల గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఒక దుప్పటిని చెరో కొసా పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకామె వీపు మనవైపు. రెండో ఆమె ముఖం మనవైపు. ఎత్తి చూసిన దుప్పటిని అప్పుడే కిందికి దించుతోంది, అంచు మీదుగా ముఖం కనిపిస్తోంది. అంతే బొమ్మ. రాజులు లేరు, గుర్రాలు లేవు. అయినా మాట్లాడుకుంటూ ఆ గదిలోకి అడుగుపెట్టినవాళ్ళు మాట మధ్యలోనే ఆగిపోతారు. రాజధానిలోని పెద్ద మ్యూజియం వాళ్ళు దాన్ని తమకిమ్మని ఎన్నిసార్లు అడిగినా ఊరు ససేమిరా అంది. బిస్కెట్ల డబ్బా మీద అదే, క్యాలెండరు మీద అదే, బస్టాండు గోడ మీదా అదే.

వేసింది డ్రాయింగు మాస్టారు. బళ్ళో డ్రాయింగు చెప్పుకునే మనిషి. కంటితో చూడనిది వేయనని ఒక పట్టు, చూసింది వదలనని ఇంకో పట్టు. ఈ రెండోదానితోనే ఊరు వేగలేకపోయింది. పెద్దమనుషులు తమ బొమ్మ వేయమంటే పులిపిరితో సహా వేసిచ్చేవాడు. ఏ పెద్దమనిషీ రెండోసారి అడగలేదు. పిల్లలకు పువ్వులూ కొండలూ నేర్పలేదు. మొదటి పాఠం ఎవరి చెప్పు వాళ్ళది. కాలి చెప్పు విప్పి బల్ల మీద పెట్టి, అరిగిన చోట అరిగినట్టు, తెగిన చోట తెగినట్టు వేయాలి. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ బళ్ళో ఇప్పటికీ అదే మొదటి పాఠం. బస్సు కండక్టరు దగ్గర్నుంచి మేయరు దాకా, ఆ ఊళ్ళో ఎవరి చేతికి పెన్సిలిచ్చినా తన చెప్పు తాను వేసేస్తాడు. అంతమంది చేత ఒక వస్తువును తేరిపార చూడడం అలవాటు చేయించి పోయాడంటే, ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

ఒక చలికాలమంతా మాస్టారు లాండ్రీలోనే మకాం వేశాడట. దుప్పటి పట్టుకుని నిలబడ్డవాళ్ళకి చేతులు పీకేస్తుంటే, దూలానికి తాళ్ళు కట్టి దుప్పటి కొసలు వాటికి తగిలించాడు. లాండ్రీ యజమాని వచ్చి, వెనకగోడకున్న సున్నం అతుకు బొమ్మలో పడితే పరువు పోతుందని నసిగాడు. మాస్టారు తల కూడా తిప్పలేదు. ముందు గోడ బాగుచేయించండి, తర్వాత నేను బొమ్మలో బాగుచేస్తానన్నాడు. యజమాని గోడ బాగుచేయించలేదు, బొమ్మలో అతుకు అలాగే ఉంది. బొమ్మను మ్యూజియానికి ఇచ్చేసిన మరుసటేడు మాస్టారు పోయాడు. తర్వాత లాండ్రీ చేతులు మారింది, పాత పనివాళ్ళలో చాలామంది తలో దిక్కూ వెళ్ళిపోయారు.

ఆ దుప్పటి పట్టుకున్న ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. అంటే మడతమ్మ పెద్దమ్మా, అమ్మా. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవారట. పిల్లకు నడక వచ్చిన కొత్తలో పెద్దమ్మ చంకనేసుకుని మ్యూజియానికి తీసుకెళ్ళింది. పిల్ల ఆ బొమ్మను కళ్ళింత చేసుకుని చూసి, మనవైపు తిరిగిన ముఖానికేసి వేలు పెట్టి "పెద్దమ్మ" అంది. గదిలో ఉన్నవాళ్ళందరూ మురిసిపోయారు. ఇంత లేదు, ఎలా పోల్చిందో చూడండని లాండ్రీలో ఆ కథ చెప్పుకుని చెప్పుకుని అరగదీశారు. ముఖం పెద్దమ్మదైతే ఇక మిగిలింది అమ్మదే కదా. అలా మడతమ్మకు అమ్మ అంటే ఒక వీపు.

ఆ వీపును ఆవిడ చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు. ముడి కొంచెం జారి ఉంటుంది. ముడిలో ఇమడని వెంట్రుకపాయ ఒకటి మెడ మీద పడి, కొసన ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. మెడ కింద ఎముక చిన్న గుండులా పైకి కనిపిస్తుంది. ఏప్రాన్ ముడి వంకరగా వేసి ఉంటుంది. ఎడమ చెయ్యి మాత్రం బొమ్మ మూల గోధుమరంగు నీడలో కలిసిపోయింది, అక్కడ ఎంత చూసినా ఏమీ కనపడదు. చిన్నప్పుడు ఒకసారి, బొమ్మకు అవతలివైపు వెళ్ళి చూస్తే అమ్మ ముఖం కనపడుతుందనుకుని, ఎవరూ చూడకుండా చట్రానికీ గోడకీ మధ్య దూరింది. అక్కడ చెక్క, దుమ్ము, ఒక సాలెపురుగు ఉన్నాయి. ఇరుక్కుపోయి ఏడుస్తుంటే కాపలా తాత బయటికి లాగాడు. సంగతి విని తిట్టలేదు. చొక్కా అంచుతో ముఖం తుడిచి, అవతల ఏముందో నాకూ తెలీదమ్మా, ఇవతల ఉన్నదే చూసుకుందామన్నాడు.

పెద్దయ్యాక మడతల గదిలోనే పనికి చేరింది. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. మడత పెట్టేముందు దుప్పటిని ఒకసారి కిటికీ వెలుతురుకి ఎత్తి మరకలు చూడాలి. చిన్నవాళ్ళ కళ్ళు చురుకు కాబట్టి కిటికీవైపు ముఖం పెట్టేది ఎప్పుడూ చిన్నదే. పెద్దది కిటికీకి వీపు పెట్టి నిలబడుతుంది. వయసులో ఒక్క నెల తేడా ఉన్నా ఈ పద్ధతి తప్పరు. మరి బొమ్మలో చిన్నదైన అమ్మ వీపు పెట్టి నిలబడిందేమిటి? ఈ అనుమానం మడతమ్మకు వచ్చింది, అడిగింది కూడా. మీ అమ్మకి వెలుతురు పడేది కాదే, కిటికీవైపు చూస్తే కళ్ళు నీళ్ళు కారేవి, అందుకే నేను చిన్నదాని చోట నిలబడేదాన్ని అని పెద్దమ్మ ఠక్కున చెప్పింది.

తల్లి గురించి దొరికిన ఆ ఒక్క సంగతినీ మడతమ్మ బంగారంలా దాచుకుంది. దాచుకోవడమే కాదు, ఒంటబట్టించుకుంది. ఎండలోకి వెళ్తే తన కళ్ళూ చెమ్మగిల్లుతున్నాయని, మా అమ్మ పోలికని అందరికీ చెప్పేది. నల్లకళ్ళద్దాలు కొనుక్కుని మరీ తిరిగింది. పద్ధతి తెలిసిన మనిషి, రోజూ ఆ పద్ధతిలోనే నిలబడే మనిషి, కళ్ళెదుట ఉన్నదాన్ని పక్కన పెట్టి ఒక్క మాటను నమ్మేసింది. అమ్మ లేని పిల్లకు అమ్మ సంగతి చెబితే నమ్మక ఏం చేస్తుంది?

పెద్దమ్మ మంచిదే గానీ ముక్కు మీద కోపం. ఏ కష్టం చెప్పుకున్నా ముందు నాలుగు తిట్లు తిట్టి ఆ తర్వాతే దగ్గరికి తీసుకుంటుంది. అందుకని మడతమ్మ చెప్పుకోవాల్సినవి చాలావరకు మ్యూజియంలోనే చెప్పుకునేది. బల్ల మీద కూర్చుని, ఆ వీపుకేసి చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా. మొదటి జీతం సంగతి అక్కడే చెప్పింది. లాండ్రీ వ్యాను నడిపే కుర్రాడు తనను చూసి గేరు మార్చడం మర్చిపోతున్నాడన్న సంగతీ అక్కడే చెప్పింది. పెళ్ళికి ముందు అతన్ని తీసుకెళ్ళి బొమ్మ ముందు నిలబెడితే, పాపం అతను కాసేపు ఇబ్బందిపడి, టోపీ తీసి, ఆ వీపుకి నమస్కారమండీ అన్నాడు. అతన్నే చేసుకోవాలని ఆవిడ అప్పుడే నిశ్చయించుకుంది. కడుపులో బిడ్డ నిలవకుండా పోయినప్పుడూ అక్కడికే వెళ్ళి కూర్చుంది. ఆ రోజు పెదవులు కూడా కదపలేదు.

ఎన్ని చెప్పుకున్నా ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. అమ్మ ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండును. అక్కచెల్లెళ్ళు ఒకేలా ఉండేవారన్నారు గానీ, పెద్దమ్మలో లేనిది, తన ముఖంలో అచ్చంగా అమ్మది ఏముందో, ఎక్కడుందో, ఎవరూ చెప్పగా వినలేదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఎవరిదో తెలియని ముఖాన్ని అద్దెకు వాడుకుంటున్నట్టు ఉండేది.

అలా ఉండగా మ్యూజియం వాళ్ళు "మడత"ను శుభ్రం చేయిస్తున్నారని తెలిసింది. ఏళ్ళ తరబడి పేరుకున్న పొగా, పసుపెక్కిపోయిన వార్నిషూ తీసేస్తారట. ఆ పని చేయడానికి ఒక అమ్మాయి వచ్చింది, ఊరందరూ బొమ్మల డాక్టరని పేరు పెట్టేశారు. నుదుటికి భూతద్దం కట్టుకుని, పుల్లకు దూది చుట్టి, ఏదో మందులో ముంచి, గోరంత గోరంత చోటు తుడుచుకుంటూ పోతుంది. ఆమెకు బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాతగుడ్డలు కావాల్సి వచ్చాయి. ఊళ్ళో అలాంటి గుడ్డలకు ఒకటే చోటు. అవి ఇచ్చి రావడం తన పని అని మడతమ్మ ఎవరూ చెప్పకుండానే పుచ్చుకుంది.

ఈ మాట ఇంట్లో చెబితే పెద్దమ్మ చిటపటలాడింది. అప్పటికి ఆవిడకు చూపు బాగా తగ్గిపోయింది, మోకాళ్ళు పట్టేశాయి, మ్యూజియం మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో. అయినా గొంతు మాత్రం తగ్గలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేరా, రుద్దితే రంగు పోదా, ఎవరడిగారు వీళ్ళనని రుసరుసలాడింది. బతుకంతా మురికి వదిలించిన మనిషి మురికిని వెనకేసుకు రావడం ఏమిటని మడతమ్మ మొగుడు నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు.

మొదట దుప్పటి శుభ్రం చేశారు. అదెలా ఉందో చెప్పడం కష్టం. మడతమ్మ తెలుపుతో బతికిన మనిషి. ఏ తెలుపు సబ్బుదో, ఏ తెలుపు ఎండదో, ఏ తెలుపు అరిగిపోయినందువల్ల వచ్చిందో చూసి చెప్పగలదు. ఇన్నాళ్ళూ ఆ బొమ్మలో దుప్పటి పాత టీ రంగులో ఉండేది. ఇప్పుడు ఆ అమ్మాయి దూది నడిచిన దారి వెంట ఒక్కో తెలుపే బయటికి వచ్చింది. కిటికీ దగ్గర నీలం తిరిగిన తెలుపు, ఇంకా ఆరని అంచు దగ్గర బూడిదరంగు తెలుపు, వేళ్ళు నొక్కిన చోట వెచ్చగా ఉన్న తెలుపు. దగ్గరికెళ్ళి చూస్తే రంగుముద్దలు, రెండడుగులు వెనక్కేస్తే తడి వాసన వచ్చే దుప్పటి. ఎవరో పేరు తెలియని దుప్పటికి ఇంత మర్యాద చేసిన మనిషి ఒకడుండేవాడని తలుచుకుని మడతమ్మ ఆ బల్ల మీద ఏడ్చేసింది. బొమ్మల డాక్టరు పని ఆపి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

దుప్పటి తర్వాత బొమ్మ మూల ఉన్న నీడకు వచ్చారు. వీపు తిప్పిన ఆమె ఎడమ చెయ్యి అందులోనే ఉంది. గుడ్డలు తీసుకుని మడతమ్మ గదిలోకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి మోచేతికి పైన ఒకే చోటును భూతద్దంతో చూస్తోంది.

"అక్కా, ఇక్కడ రంగు చెడిపోయిందేమో అనుకున్నాను. చెడలేదు. కావాలని వేశారు. కాలిన మచ్చ ఇది. ఈవిడ మీ అమ్మగారే కదా, ఇలాంటి మచ్చ ఉండేదని ఎవరైనా చెప్పారా?"

మడతమ్మ వంగి చూసింది. మోచేతికి పైన, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో, పక్కన చిన్న నొక్కుతో, గులాబీరంగు మచ్చ. మాస్టారు దాన్ని ఎంత శ్రద్ధగా వేశాడంటే అక్కడ చర్మం బిగిసి మెరుస్తున్నట్టుంది. ఆ మచ్చకు తను ప్రతి చలికాలం నూనె రాస్తుంది. చలికి అది బిగుసుకుపోయి పెద్దమ్మ మూలుగుతుంది గనక, రాయక తప్పదు. కళ్ళు మూసుకుని కూడా ఆ నొక్కు ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలదు.

ఆ వీపు పెద్దమ్మదైతే, అవతల దుప్పటి దించుతున్న ముఖం ఎవరిదో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు. తల ఎత్తి చూడడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఆ ముఖం మీద ఇంకా వార్నిషు పసుపే ఉంది. బతుకంతా ఎదురుచూసిన ముఖాన్ని ఇలా, చేతిలో పాతగుడ్డల మూటతో, మాసిన ముసుగు వెనక చూడాలనిపించలేదు. ముఖం ఎప్పుడు శుభ్రం చేస్తారని మాత్రం అడిగింది. అది అన్నిటికన్నా ఆఖరని బొమ్మల డాక్టరు చెప్పింది. అయితే నేను అప్పుడే వస్తానని చెప్పి, తల దించుకునే మెట్లు దిగింది.

ఆ సాయంత్రం నూనె వెచ్చచేసి, పెద్దమ్మ చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చ మీద రాస్తూ, రాస్తూ, అంది.

"పెద్దమ్మా, ఈ మచ్చ బొమ్మలో ఉంది."

పెద్దమ్మ చెయ్యి లాక్కోలేదు. కళ్ళు కనపడని మనిషి కిటికీవైపు ముఖం పెట్టి కూర్చుంది.

"ఆయన వదలడని నాకు తెలుసు" అంది చివరికి. "వేసేటప్పుడే చెప్పాను, మచ్చ వద్దు మాస్టారూ అని. వింటేనా. తర్వాత నల్లబడిపోయింది, కనపడకుండా పోయింది, బతికాననుకున్నా."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చూపించావే. అంత పెద్ద బొమ్మలో, అంతమంది ముందు, వేలు పెట్టి పెద్దమ్మ అన్నావు. మా చెల్లెలి ముఖాన్ని తీసి నా చేతిలో పెట్టావు. నన్నెవరూ అలా చూపించలేదు అప్పటిదాకా. పుచ్చుకున్నాను. రేపు చెప్దాంలే అనుకున్నా. నీకు జ్ఞానం వచ్చాక చెప్దాంలే అనుకున్నా. జ్ఞానం వచ్చేసరికి నువ్వు ఆ వీపుని అమ్మా అని పిలుస్తున్నావు. ఇంక నోరు పెగల్లేదు."

తెలిసిన పాతవాళ్ళు ఒకరిద్దరు ఉన్నా, పిల్లను సాకుతున్న మనిషిని వేలెత్తి చూపడం ఎందుకని ఊరుకున్నారట. మడతమ్మ నూనెగిన్నె పక్కన పెట్టింది. మరి వెలుతురు పడని కళ్ళ సంగతేమిటని అడిగింది. అదీ కల్పించిందేనని పెద్దమ్మ ఒప్పుకుంది. నువ్వు నల్లద్దాలు కొనుక్కొస్తావని నేనేం కలగన్నానా అని గొణిగింది కూడా. ఇంకో సందర్భంలో అయితే మడతమ్మ నవ్వేది. అప్పుడు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అమ్మ ముఖం కోసం సాలెగూళ్ళ వెనక దూరిన పిల్ల గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఆ ముఖం ఎదురుగానే ఉంది, తను ప్రతిసారీ దాన్ని దాటి పక్కకు చూసింది.

కొన్నాళ్ళపాటు ఆ ఇంట్లో మాటల్లేవు. మడతమ్మ అన్నం పెట్టేది, మందులిచ్చేది, నూనె రాసేది, నోరు మాత్రం విప్పేది కాదు. లాండ్రీలో ఆవిడ తువ్వాళ్ళను మడతపెడుతున్న తీరు చూసి పక్కవాళ్ళు దగ్గరికి రావడానికి జంకారు. మ్యూజియానికి గుడ్డలు మొగుడి చేత పంపించింది. పెద్దమ్మ కూడా, ఎన్నడూ లేంది, ఎవరినీ తిట్టకుండా మూల కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ తిట్టకపోవడం ఎవరికీ అలవాటు లేదు, మొగుడికి అన్నం సహించలేదు.

ఒకరోజు పొద్దున పెద్దమ్మకు తల దువ్వుతోంది. జుట్టు నెరిసిపోయింది, పల్చబడింది. ముడి వేసి, దువ్వెన పక్కన పెట్టబోతూ ఆగింది. ముడిలో ఇమడని వెంట్రుకపాయ ఒకటి మెడ మీద పడింది, కొసన ఎడమవైపుకి తిరిగింది. మెడ కింద ఎముక చిన్న గుండులా పైకి ఉంది. రోజూ దువ్వే తల ఇది, ఒక్కనాడూ చూడలేదు. మాస్టారి బళ్ళో చెప్పు బొమ్మ వేసిన పిల్ల, చేతికింద ఉన్న మెడను చూడకుండా, అదే మెడను చూడ్డానికి మ్యూజియం మెట్లెక్కుతూ వచ్చింది. మడతమ్మ మంచం మీద కూలబడింది.

"పెద్దమ్మా, నీకు చెప్పలేనివన్నీ వెళ్ళి నీకే చెప్పుకున్నాను."

ఎన్నాళ్ళకో మాట వినపడేసరికి పెద్దమ్మ అటు తిరగబోయింది. మడతమ్మ భుజాలు పట్టుకుని తిరగనివ్వలేదు. అలాగే, ఆ వీపుకే, మొదటి జీతం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. బిడ్డ నిలవని రోజు దాకా వచ్చాక ఆగిపోయింది.

"ఆ రోజు పనికెళ్ళావనుకున్నా" అంది పెద్దమ్మ.

"మ్యూజియంలో కూర్చున్నా."

"ఇంట్లో చెబితే తిట్టేదాన్నే."

"అందుకే."

పెద్దమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆవిడ ఏడవడం మడతమ్మ అంతకు ముందెప్పుడూ చూడలేదు, ఇప్పుడు కూడా వెనకనుంచే చూసింది. కోపం పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. కానీ ఆ కోపాన్ని పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.

ముఖం శుభ్రం చేయడం అయిపోయిందని కబురొచ్చిన రోజున, జనం రాకముందే చూడనిమ్మని మడతమ్మ అడిగింది. బొమ్మల డాక్టరు తలుపులు ముందుగా తెరిపించింది. మొగుడు పెద్దమ్మను వ్యానులో తెచ్చి, కాపలావాళ్ళ సాయంతో కుర్చీతో సహా మేడమీదికి ఎక్కించాడు. కుర్చీని బొమ్మ ముందు పెట్టి, వాళ్ళందరూ గది బయటికి వెళ్ళిపోయారు. మడతమ్మ కుర్చీ వెనక నిలబడి, అప్పటిదాకా దించుకున్న తలను ఎత్తింది.

కిటికీ వెలుతురంతా ఆ ముఖం మీదే పడుతోంది. వెలుతురు పడని కళ్ళు కావవి. అంత వెలుగునూ రెప్ప వాల్చకుండా ఎదుర్కుంటున్నాయి. దుప్పటిలో మరకలు వెతికి, ఏమీ దొరక్క, దాన్ని దించుతూ, అవతలున్న అక్కను చూసి నవ్వబోతున్న ముఖం. నవ్వు ఇంకా పెదాల దాకా రాలేదు, ఎడమ బుగ్గ మీద సొట్ట మాత్రం పడింది. పెద్దమ్మకు ఆ సొట్ట లేదు. మడతమ్మకు ఉంది. పసుపు వార్నిషు కింద ఇన్నాళ్ళూ అది ఎవరికీ కనపడలేదు. మడతమ్మ చెయ్యి దానంతట అదే తన బుగ్గ మీదికి వెళ్ళింది. రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకుంది. పుట్టాక తనను చూసి వెళ్ళిపోయిన మనిషి, తను చూడలేకపోయిన మనిషి, పిలిస్తే పలికేంత దగ్గరలో నిలబడి ఉంది. చూసింది వదలనన్న ఒక మొండి మనిషి పట్టుదల వల్ల ఆమె అక్కడ ఉంది, చలికి కొద్దిగా ఎర్రబడ్డ ముక్కుతో సహా.

"నాకు తెల్లగా ఏదో మసకమసగ్గా కనపడుతోందే, అంతే" అంది పెద్దమ్మ. "చెప్పు. మా చెల్లెలు ఎలా ఉంది?"

అమ్మ ఎలా ఉంటుందని బతుకంతా పెద్దమ్మను అడుగుతూ వచ్చిన మనిషికి, ఇప్పుడు జవాబు చెప్పే వంతు వచ్చింది.

"చిన్నపిల్లలా ఉంది, పెద్దమ్మా. నాకన్నా చాలా చిన్నది. ముక్కు ఎర్రబడింది. బుగ్గన సొట్ట పడింది. నిన్ను చూసి నవ్వొస్తోంది, ఆపుకుంటోంది."

"ఏప్రాన్ ముడి వంకరగా వేసుకున్నానని వెక్కిరించింది ఆ రోజు" అంది పెద్దమ్మ. "అదే నవ్వు అయి ఉంటుంది."

మడతమ్మ కిందికి చూసింది. తన ముందు పెద్దమ్మ వీపు ఉంది, జారిన ముడి ఉంది, మెడ మీద ఆ వెంట్రుకపాయ ఉంది. దానికి అవతల దుప్పటి, దుప్పటికి అవతల అమ్మ ముఖం. మాస్టారు ఆ చలికాలమంతా నిలబడింది సరిగ్గా ఇలాగే, ఈ వీపు వెనకేనని అర్థమైంది. చేతికి ఏది దొరికినా సర్దకుండా ఉండలేని మనిషి కదా, అలవాటు కొద్దీ వెంట్రుకపాయను ముడిలోకి దోపబోయింది. చెయ్యి సగంలో ఆగింది. బొమ్మలో అది అలాగే ఉంది, మాస్టారు దాన్ని సర్దలేదు. మడతమ్మ కూడా సర్దలేదు.